బిగుతు వేరు, పట్టు వేరు: కారు సస్పెన్షన్ మార్చాలనుకునేవాళ్లతో నాలుగు మాటలు

అందరికీ నమస్కారం. కూర్చోండి. వెనకాల నిలబడ్డవాళ్లు కూడా ముందుకి రండి, అక్కడికి మైకు సరిగ్గా వినపడదు.

రేపు పొద్దున్నే మీలో చాలామంది అరకు బయల్దేరుతున్నారని చెప్పారు. లోపలికి వచ్చేటప్పుడు పార్కింగ్‌లో మీ బండ్లన్నీ చూసుకుంటూ వచ్చాను. నాలుగు బండ్లకి టైరుకీ ఫెండర్‌కీ మధ్య రెండు వేళ్లు కూడా పట్టడం లేదు. ఇంకో రెండింటికి వెనక స్ప్రింగు చుట్ల మధ్యలో బఫర్లు, అంటే రబ్బరు ముక్కలు, దూర్చి ఉన్నాయి. ఒక బండికైతే మంచి ఖరీదైన కాయిలోవర్లు, అంటే ఎత్తు మార్చుకునే వీలున్న స్ప్రింగూ షాకప్ (షాక్ అబ్జార్బర్) సెట్లు ఉన్నాయి, టైర్లు మాత్రం బోడి అయిపోయాయి. ఎవరిదో నేను చెప్పను, కానీ ఆ తమ్ముడు మాట్లాడటం అయ్యాక నన్ను తప్పకుండా కలవాలి. వేరే ఏదో రాసుకొచ్చాను, అది పక్కన పెట్టేసి ఈ బండ్ల గురించే మాట్లాడతాను.

ఇరవై రెండేళ్లుగా నా పని ఇదే, అలైన్‌మెంట్, సస్పెన్షన్. షెడ్డుకి వచ్చే కుర్రాళ్లు మొట్టమొదట అడిగేది ఒకటే, "అన్నా, బండి కిందకి దించాలి, గట్టిగా ఉండాలి, మలుపులో ఊగకూడదు" అని. ఆ కోరికలో తప్పేం లేదు. ఘాట్‌లో మలుపు తిప్పగానే బండి పడవలా ఒక పక్కకి ఒరిగిపోతుంటే ఎవరికైనా భయమే. కానీ ఊగకపోవడం ఒకటి, రోడ్డుని పట్టుకోవడం ఇంకొకటి. గట్టిపడిన బండి స్టీరింగ్ చేతిలో చురుగ్గా అనిపిస్తుంది, ఆ చురుకుదనాన్నే మనం పట్టు అనుకుంటాం. పట్టు ఉండేది టైరు దగ్గర, అదీ ఒక్కో టైరు కింద అరచేయంత చోటులో. ఆ నాలుగు అరచేతుల జాగాని రోడ్డు మీంచి లేవనివ్వకుండా నొక్కి ఉంచడమే సస్పెన్షన్ పని. దాని మీద ఎంత డబ్బు పెట్టినా చూడాల్సింది ఆ పని పెరిగిందా తగ్గిందా అన్నదే.

ముందు ఒక చిన్న లెక్క చూద్దాం, లెక్క లేకుండా ఈ విషయం నమ్మబుద్ధి కాదు. వెయ్యి కిలోల బండి అనుకోండి. దాని గరిమనాభి నేలకి 55 సెంటీమీటర్ల ఎత్తులో ఉంది, ఎడమ చక్రానికీ కుడి చక్రానికీ మధ్య దూరం మీటరున్నర. మీరు కాస్త గట్టిగా మలుపు తిప్పారు, బండి బరువులో సగమంత బలం పక్కకి లాగుతోంది. అప్పుడు లోపలి చక్రాల మీంచి బయటి చక్రాల మీదకి సుమారు 183 కిలోలు మారుతుంది. ఇప్పుడు అదే బండిని 40 మిల్లీమీటర్లు దించండి. అదే మలుపు, అదే స్పీడు. మారే బరువు 170 కిలోలు. అంతే, 13 కిలోల తేడా. ఇంత గొడవ పడి, ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గర ఊపిరి బిగబట్టుకుంటే మిగిలేది 13 కిలోలు.

ఇంకో సంగతి, ఆ 183 కిలోలని గట్టి స్ప్రింగు ఆపలేదు. ఎడమ, కుడి చక్రాల్ని కలిపే కడ్డీ, స్టెబిలైజర్ బార్, ఎంత లావుదైనా ఆపలేదు. బండి ఒరిగినా ఒరగకపోయినా బరువు మారుతుంది. ఆ బరువులో ముందు చక్రాల వాటా ఎంత, వెనక చక్రాల వాటా ఎంత అన్నది మాత్రం స్ప్రింగులూ బార్లూ నిర్ణయిస్తాయి. ఇది ఎందుకంత ముఖ్యమంటే, టైరుకి ఒక గుణం ఉంది. ఇద్దరు హమాలీలకి చెరో బస్తా ఇస్తే ఇద్దరూ చకచకా నడుస్తారు. రెండు బస్తాలూ ఒకడి నెత్తిన పెట్టి రెండోవాణ్ణి ఖాళీగా నడిపిస్తే మోసేవాడు సగం దారిలో తూలతాడు, రెండోవాడి బలం ఎవరికీ అక్కరకి రాదు. టైరూ అంతే, బరువు రెట్టింపైతే పట్టు రెట్టింపు కాదు, అంతకంటే తక్కువే పెరుగుతుంది. అందుకే ముందు స్ప్రింగులు మరీ గట్టివి వేస్తే ముందు బయటి టైరు మీద భారం పెరిగి, స్టీరింగ్ తిప్పినా బండి తిన్నగా పోతుంది. అది అండర్‌స్టీర్. వెనక మరీ గట్టిపడితే తోక జారుతుంది. అది ఓవర్‌స్టీర్, ఘాట్‌లో వాన పడుతున్నప్పుడు దాన్ని సర్దుకునే టైమ్ మామూలు డ్రైవర్‌కి దొరకదు.

మన చిన్న కార్లు దాదాపు అన్నింటికీ ముందు మెక్‌ఫెర్సన్ స్ట్రట్ ఉంటుంది, అంటే స్ప్రింగూ షాకప్పూ ఒకే నిలువు స్తంభంలా ఉండే అమరిక. ఎర్ల్ మెక్‌ఫెర్సన్ అనే అమెరికన్ ఇంజనీరు పేరు అది, బ్రిటన్‌లో 1950లో వచ్చిన ఫోర్డ్ కాన్సల్‌తో బాగా పేరొచ్చింది. తక్కువ భాగాలు, తక్కువ చోటు, తక్కువ ఖర్చు, చాలా తెలివైన డిజైన్. కానీ దించడానికి ఇది ఒప్పుకోదు. బండి కింద పడుకుని చూస్తే, చక్రాన్ని కింద బాడీకి కలిపే లోయర్ ఆర్మ్ బాడీ వైపు నుంచి చక్రం వైపుకి కొంచెం కిందకి వాలి ఉంటుంది. బండిని దించేకొద్దీ ఆ వాలు పోయి ఆర్మ్ అడ్డంగా వస్తుంది, ఇంకా దించితే చక్రం వైపు పైకి లేస్తుంది. బాడీ ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో, ఆ రోల్ సెంటర్, ఈ ఆర్మ్ కోణం వల్ల బాడీ దిగినదానికంటే ఎక్కువ దిగిపోతుంది. అంటే బాడీని ఒరగదోసే మీట (లివర్) పొడుగవుతుంది. బండి దిగింది, ఒరిగే గుణం పెరిగింది. దాన్ని ఆపడానికి ఇంకా గట్టి స్ప్రింగు కావాలి. దానికి తోడు స్టీరింగ్‌ని చక్రానికి కలిపే టై రాడ్ కోణం కూడా మారిపోయి, గుంతలో పడ్డప్పుడల్లా చక్రం దానంతటదే కొంచెం తిరుగుతుంది, స్టీరింగ్ మీ చేతిలో లాగుతుంది. దించిన బండి నడిపేవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు, చేతులకే తెలుసు.

ఇవన్నీ నేను చదివి నేర్చుకోలేదు. 2009లో నా దగ్గర ఒక సెకండ్ హ్యాండ్ హ్యాచ్‌బ్యాక్ ఉండేది. ఒక షాపులో 40 మిల్లీమీటర్లు దించే స్ప్రింగులు వేయించాను. షాకప్‌లు మార్చలేదు, డెబ్బై వేల కిలోమీటర్లు తిరిగిన పాతవే. "షాకప్‌లు బాగానే ఉన్నాయి, కారడం లేదు కదా" అన్నారు, నేనూ సరే అన్నాను. సిటీలో బీచ్ రోడ్డు మీద బండి భలే అనిపించింది. ఆగస్టులో నలుగురం సామానుతో అరకు వెళ్లి దిగి వస్తున్నాం. సన్నగా వాన. అనంతగిరి దాటి కిందకి వస్తుంటే ఒక ఎడమ మలుపు, మలుపు మధ్యలో రోడ్డు చిన్నగా ఉబ్బి ఉంది. స్పీడు ఎక్కువ కూడా కాదు. వెనక కుడి వైపు 'దభ్' మని చప్పుడు వచ్చింది, మరుక్షణం తోక జారింది. వెనక చక్రం రోడ్డు పక్క కాలవలో పడి బండి ఆగింది. మా తమ్ముడి చెయ్యి విరిగింది. అవతలి పక్క లోయ. ఆ రాత్రి ఎస్.కోటలో ఆసుపత్రి బయట కూర్చుని, ఆ చప్పుడు ఏంటో తేల్చుకునేదాకా నేను ఇంకో బండికి స్ప్రింగు ముట్టుకోకూడదని అనుకున్నాను.

ఆ చప్పుడు బంప్ స్టాప్‌ది. షాకప్ రాడ్ మీద ఒక రబ్బరు ముక్క ఉంటుంది చూశారా, స్ప్రింగు పూర్తిగా నలిగిపోకుండా చివర్లో అడ్డుపడేది. బండిని 40 దించినప్పుడు చక్రం పైకి కదలడానికి ఉన్న చోటులో 40 అప్పుడే తినేశాం. నలుగురు కూర్చున్నారు, సామాను పెట్టాం, ఇంకాస్త పోయింది. మలుపులో బరువు బయటి చక్రం మీదకి వచ్చింది, మిగిలిన కొంచెమూ పోయింది. అప్పుడు ఆ ఉబ్బు తగిలింది. చక్రానికి కదిలే దారి లేదు, స్ప్రింగు ఉన్నట్టుండి రాయి అయిపోయింది. ఆ వెనక టైరు మీదకి ఒక్కసారిగా భారం దూకింది, తడి రోడ్డు మీద అది వదిలేసింది. అందుకే ఎవరు ఏ స్ప్రింగు చూపించినా నేను మొదట అడిగేది ఎంత దిగుతుందని కాదు, నిండు బండిలో బంప్ స్టాప్‌కి ముందు ఇంకా ఎంత ఖాళీ మిగులుతుందని. మీరు కూడా అదే అడగండి.

ఇక షాకప్ గురించి. నా లెక్కలో డబ్బు పెట్టాల్సిన చోటు ఇదే, అందుకే కొంచెం ఎక్కువ సేపు మాట్లాడతాను. చాలామంది స్ప్రింగే బండిని కంట్రోల్ చేస్తుందనుకుంటారు. స్ప్రింగు బరువు మోస్తుంది, అంతే. గుంతలో నలిగిన స్ప్రింగు ఆ శక్తిని తనలో దాచుకుని తిరిగి విసిరేస్తుంది. ఆ విసురుని పట్టి, నూనెని సన్నటి కంతల్లోంచి తోయించి వేడిగా మార్చేది షాకప్. అది ఒకేసారి రెండు ఊపుల్ని అదుపు చేయాలి. బాడీ ఊపు నెమ్మదిది, ఇంటి కార్లలో సెకనుకి ఒకటి, ఒకటింబావు సార్లు. చక్రం ఊపు వేగమైంది, సెకనుకి పది పదిహేను సార్లు. షాకప్ నీరసపడితే బాడీ ఊగడం మనకి తెలుస్తుంది. చక్రం రోడ్డు మీద టకటకా ఎగరడం మాత్రం లోపల కూర్చున్నవాళ్లకి తెలియదు. టైరు ఎగిరిన ప్రతిసారీ ఆ క్షణానికి పట్టు లేదు, బ్రేకు కూడా లేదు. టైరు మీద చెయ్యి పెట్టి చుట్టూ నిమరండి, ఎత్తుపల్లాలుగా గుంటలు తగిలితే అనుమానం మొదట షాకప్ మీదే పడాలి. బాడీని మూల మీద నొక్కి వదిలి చూసే పరీక్ష మరీ చచ్చిపోయిన షాకప్‌ని మాత్రమే పట్టిస్తుంది, నీరసపడ్డదాన్ని పట్టించదు.

స్ప్రింగు గట్టిపడితే అది విసిరే బలం పెరుగుతుంది, దాన్ని పట్టే షాకప్ కూడా పెరగాలి. ముఖ్యంగా రీబౌండ్, అంటే స్ప్రింగు తిరిగి సాగేటప్పుడు షాకప్ ఆపే బలం. మామూలు కార్లలో ఇది నలిగేటప్పటి బలం కంటే రెండు మూడు రెట్లు ఉంటుంది. కొత్త గట్టి స్ప్రింగు కింద పాత షాకప్ ఉంచడమంటే కోడెదూడని పలుపుతాడుకి బదులు దారంతో కట్టడం. నేను 2009లో చేసింది అదే. కోనీవాళ్ల పసుపు రంగు షాకప్‌లలో రీబౌండ్ తిప్పి మార్చుకునే వీలుంటుంది, వాటికి అంత పేరు రావడానికి అది ఒక కారణం. బిల్‌స్టీన్ మోనోట్యూబ్‌ది ఇంకో దారి. బోర్సియే ద కార్బన్ అనే ఫ్రెంచ్ ఇంజనీరు ఆలోచనని వాళ్లు 1950ల్లో తయారీలోకి తెచ్చారు. ఒకటే గొట్టం, అందులో నూనె, దాని వెనక ఒత్తిడితో నింపిన నైట్రోజన్. ఆ ఒత్తిడి వల్ల పొడుగాటి గతుకుల రోడ్డు మీద కూడా నూనె నురగ కట్టదు. అయితే మంచి కంపెనీదైనా సరే మీ బండికి తయారు చేసిందే కొనండి, బ్రాకెట్ వెల్డింగ్ చేసి ఇరికించేది వద్దు.

అడ్జస్టబుల్ ఉంది కదా అని అన్నీ ఫుల్ హార్డ్ పెట్టేవాళ్లు చాలామంది. రీబౌండ్ మరీ ఎక్కువైతే ఏమవుతుందంటే, గుంత తర్వాత గుంత వస్తుంటే స్ప్రింగు పూర్తిగా సాగేలోపే ఇంకోటి తగులుతుంది, అలా బండి మెల్లమెల్లగా కిందకి కూరుకుపోతుంది, మళ్లీ బంప్ స్టాప్ దగ్గరికే వస్తాం. మెత్తటి సెట్టింగ్‌తో మొదలుపెట్టండి. రెండేసి క్లిక్కులు పెంచుతూ, అదే రోడ్డు, టైర్లలో అదే గాలి, అదే బరువుతో నడిపి చూసి పుస్తకంలో రాసుకోండి. ఒకేసారి రెండు మార్చితే ఏది పని చేసిందో మీకే తెలియదు.

స్ప్రింగు కోయించడం గురించి కూడా చెప్పాలి, బయట ఒక బండికి కోసినట్టు అనుమానంగా ఉంది. స్ప్రింగు అంటే చుట్టిన కడ్డీ, అది మెలి తిరుగుతూ బరువు మోస్తుంది. పనిచేసే ఆరు చుట్లలో ఒకటి కోస్తే మిగిలింది 20 శాతం గట్టిపడుతుంది. అదే కొత్త స్ప్రింగులో కడ్డీ 12 మిల్లీమీటర్ల నుంచి 13కి పెంచితే 38 శాతం గట్టిపడుతుంది, ఎందుకంటే మందం ప్రభావం నాలుగో ఘాతంలో ఉంటుంది. కోసిన స్ప్రింగుతో అసలు ప్రమాదం వేరే ఉంది. తెగిన కొన సీట్‌లో సరిగ్గా కూర్చోదు. చక్రం గాల్లోకి వేలాడినప్పుడు స్ప్రింగు వదులై పక్కకి జరుగుతుంది, దిగేటప్పుడు ఎక్కడ కూర్చుంటుందో దానిష్టం. గ్యాస్ కట్టర్‌తో కోస్తే ఆ వేడికి ఉక్కు పదును కూడా పోతుంది. దయచేసి ఈ పని చేయకండి, చేసినవాళ్లు స్టాక్ స్ప్రింగులు తెచ్చి మళ్లీ వేసుకోండి.

బఫర్లు దీనికి అన్నదమ్ముల్లాంటివే. చుట్ల మధ్య ఆ ముక్క పెడితే ఆ చుట్టు పనిచేయడం ఆగిపోతుంది, బండి ఎత్తు పెరిగినట్టుంటుంది. ఎందుకు పెట్టించారని అడిగితే సీఎన్‌జీ సిలిండర్ వల్ల వెనక కుంగిందంటారు. కష్టం నిజమే. డిక్కీలో ఇనుప సిలిండర్ ఒక మనిషంత బరువు, అది రోజూ దిగని ప్యాసింజర్. కానీ దానికి మందు ఆ బరువుకి సరిపోయే వెనక స్ప్రింగు. ఇక్కడ ఒక పాత సంగతి చెప్పాలి. మారిస్ ఆలీ అని రోల్స్ రాయిస్ నుంచి అమెరికాలో క్యాడిలాక్‌కి వెళ్లిన ఇంజనీరు ఉండేవాడు. కారు ఒక ఉబ్బు దాటినప్పుడు ముందు భాగం ఊపు మొదట మొదలవుతుంది, వెనక భాగం ఊపు కాస్త ఆలస్యంగా మొదలవుతుంది. వెనక స్ప్రింగు ఊపు కొంచెం వేగంగా ఉంటే అది ముందుదాన్ని అందుకుని రెండూ కలిసి ఆగుతాయి, లేకపోతే బండి ఊయలలా ముందుకీ వెనక్కీ ఊగుతుంది. 1930ల్లోనే ఆయన ఇది పట్టుకున్నాడు. వెనక బరువు పెంచి స్ప్రింగు అలాగే ఉంచితే వెనక ఊపు నెమ్మదిస్తుంది, ఈ పొందిక చెడుతుంది. హైవే మీద కడుపులో తిప్పుతోందని పిల్లలు అంటారు చూడండి, ఒక్కోసారి కారణం ఇదే.

ఏంటి బాబూ? కొంచెం గట్టిగా అడుగు. ఆ, వెనక స్టెబిలైజర్ బార్ వేస్తే బాగుంటుందా అని.

బాగుంటుంది, కొలతలో ఉంటే. ఫ్రంట్ వీల్ డ్రైవ్ బండి మలుపులో ముక్కుతో బయటికి తోస్తుంది, వెనక బార్ వేస్తే భారంలో ఎక్కువ వాటా వెనక తీసుకుని ముందు టైర్లకి కాస్త ఊపిరి ఇస్తుంది. బండి చక్కగా తిరుగుతుంది, నాకు చాలా ఇష్టమైన మార్పు. కానీ ఇక్కడా నాలుగో ఘాతమే. 22 మిల్లీమీటర్ల బార్ తీసి 24 వేస్తే 42 శాతం గట్టిపడుతుంది, రెండు మిల్లీమీటర్లేగా అనుకోకూడదు. ఎక్కువైతే మలుపులో భయపడి యాక్సిలరేటర్ మీంచి కాలు తీయగానే తోక తిరుగుతుంది. ఇంకో విషయం, బార్ రెండు చక్రాల్నీ కలిపి కడుతుంది, ఒక పక్క గుంతలో పడితే రెండో పక్కకీ ఆ దెబ్బ వెళ్తుంది. మన గుంతల రోడ్ల మీద తలలు అటూ ఇటూ కొట్టుకుంటాయి. పాత లింకులు, బుష్‌లు (కీళ్లలో ఉండే రబ్బరు ముక్కలు) అలాగే ఉంచి బార్ మాత్రం మార్చకు.

అసలు బుష్‌ల విషయానికే వస్తే, పదేళ్ల బండి తెచ్చి కాయిలోవర్లు అడుగుతారు, కింద చూస్తే లోయర్ ఆర్మ్ వెనక బుష్ చీలిపోయి ఉంటుంది. కొత్త కంపెనీ బుష్‌లు, బాల్ జాయింట్లు, స్ట్రట్ మౌంట్లు వేసి, మంచి టైర్లు ఎక్కించి అలైన్‌మెంట్ చేసి పంపిస్తే చాలామంది మళ్లీ కాయిలోవర్ల మాట ఎత్తరు. పాలీయురేథేన్ బుష్‌లు స్టీరింగ్‌కి చురుకు ఇస్తాయి, చప్పుడూ అదురూ కూడా ఇస్తాయి, రోజూ ఆఫీసుకి వెళ్లే బండికి నేను వేయను.

టైరు పక్కన నాలుగంకెల నంబరు ఉంటుంది, 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైందని. రేపు బయల్దేరే ముందు అందరూ చూసుకోండి. గాలి కూడా పొద్దున చల్లగా ఉన్నప్పుడే కొట్టించండి, నిండు బండికి ఎంత అన్నది డ్రైవర్ డోర్ దగ్గర స్టిక్కర్ మీద వేరేగా రాసి ఉంటుంది. స్ప్రింగు మార్చినా, షాకప్ మార్చినా, బండి ఎత్తు అర అంగుళం మారినా అలైన్‌మెంట్ తప్పనిసరి. మన చిన్న కార్లలో మామూలుగా సర్దే వీలున్నది ముందు చక్రాల టో ఒక్కటే, అంటే పైనుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం. క్యాంబర్, అంటే ఎదురుగా చూస్తే చక్రం వాలి ఉండే కోణం, మార్చాలంటే క్యాంబర్ బోల్టులు వేరే వేయాలి. అలైన్‌మెంట్ చేసేటప్పుడు సీట్లో మనిషంత బరువు పెట్టమని అడగండి, ప్రింట్ తీసుకుని దాచుకోండి.

స్పీడ్ బ్రేకర్ల గురించి కూడా ఎవరో అడిగారు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పిన కొలతైతే 3.7 మీటర్ల పొడుగులో 10 సెంటీమీటర్ల ఎత్తు, మెల్లగా ఎక్కి దిగే గుట్ట. మన వీధుల్లో ఉన్నవి ఎలా ఉంటాయో మీకు తెలుసు. ఆ రోడ్లు మారేదాకా 15, 20 మిల్లీమీటర్ల కంటే ఎక్కువ దించవద్దనే నా మాట.

చట్టం సంగతి కూడా తెలుసుకుని ఉండండి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలకి, కంపెనీ ఇచ్చినదానికి తేడా వచ్చేలా బండి మార్చకూడదు. 2019లో సుప్రీంకోర్టు కూడా అదే మాట గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో వచ్చిన సెక్షన్ 182ఎ ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ పడొచ్చు. ఇన్సూరెన్స్ వాళ్లకి ముందే రాతపూర్వకంగా చెప్పండి, ప్రమాదం జరిగాక చెబితే వినరు. అరిగిన షాకప్‌కి బదులు అదే కొలతలో మంచి షాకప్ వేసుకునే దారిలో ఈ తలనొప్పి చాలావరకు ఉండదు.

సరే, మాటలు చాలు. బయట నా వ్యాన్‌లో జాక్, టార్చి, ప్రెషర్ గేజ్ ఉన్నాయి. ఆ నాలుగు బండ్లూ, బఫర్లు ఉన్న రెండూ ముందు తీసుకురండి. రేపు వెళ్లేటప్పుడు ఎంతమంది ఎక్కుతారో అంతమందీ ఇప్పుడే ఎక్కి కూర్చోండి, బంప్ స్టాప్‌కి ఎంత ఖాళీ మిగిలిందో నేను కింద నుంచి చూసి చెప్తాను.